ఇసకదొందులకి రాగి బిందె మర్యాద

మొన్నీమధ్య మా ల్యాబులో నా పరువెలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. కానీ మా ఊరి పరువు మాత్రం నిలబడింది, అదీ గుర్తుంచుకోండి!

నా రీసెర్చ్ ఏంటంటే, ఏరు సముద్రంలో కలిసే మొగలోని బురదలో సీసం, రాగి లాంటి లోహాలు చేరుతున్నాయేమో అక్కడి చేపల్ని పరీక్షించి చెప్పడం. అందుకు మా ఐ.పోలవరం వైపు దొరికే ఇసకదొందు చేపల్ని మించినవి లేవు. ఎప్పుడూ అడుగున బురదలోనే పడుంటాయి, అందులో ఏముంటే అది వాటి ఒంట్లోకి చేరుతుంది. పట్టేదెవరు? మా నాన్న! చేపల వేటకెళ్ళే ఇంట్లోంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి పిల్లని నేను. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

"నాన్నా, ఓ ఇరవై దొందులు పట్టి ఐసులో ఉంచు" అని ఫోన్లో చెప్పేను. నేను వెళ్ళేసరికి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి రెడీగా ఉన్నాయి. అమ్మ పెట్టింది తిని, సంచులు ఐస్ బాక్సులో సర్దుకుని బస్సెక్కేసేను.

రిజల్ట్ వచ్చింది. సీసం మామూలే. కాడ్మియం మామూలే. రాగి మాత్రం... అమ్మ బాబోయ్! మిషనేమైనా తేడా చేసిందేమోనని మళ్ళీ పెట్టేం. మళ్ళీ అంతే!

ఇది బయటికొస్తే మా ఊరి చేప ఎవరు కొంటారు? మా వీధి వీధంతా బతికేది దానిమీదే. ఏడుపొక్కటే తక్కువ నాకు. మా గైడ్ మేడం మాత్రం తాపీగా, "మీ నాన్నగారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టు" అన్నారు.

"చేపలు పట్టేక ఎందులో పెట్టేరండీ?" అని ఆవిడే అడిగేరు.

"ఆయ్! రాగి బిందెలో ఐసేసి పెట్టేనండీ. అమ్మాయి వచ్చే ముందే సంచుల్లోకి తీసేనండీ. తమ కాలేజీకి వచ్చే చేపలాయె, ప్లాస్టిక్ టబ్బులో పడేస్తే ఏం మర్యాదండీ? చింతపండేసి తళతళా తోమించేనండీ కూడా. ఏవన్నా లోటు జరిగిందాండీ?"

"అబ్బే, ఏ లోటూ లేదండీ" అని మేడం ఫోన్ పెట్టేసేరు. ల్యాబంతా గొల్లున నవ్వింది. మేడం గోడమీద కాగితం చూపించేరు. 'శాంపిల్‌కి ఎక్కడా లోహం తగలరాదు.' అది టైపు చేసి అంటించింది ఎవరనుకున్నారు? నేనే! ఊరందరికీ చెప్పేను, ఒక్క మా ఇంట్లో తప్ప.

మర్నాడే వెళ్ళి నాన్నతో పాటు పడవెక్కేను. దొందుల్ని వలలోంచి నేరుగా ప్లాస్టిక్ సంచుల్లోకి దింపేను. ల్యాబుకి తెచ్చి పరీక్ష పెడితే, ఈసారి రాగి కూడా మామూలే! మా ఏరు నిక్షేపంగా ఉంది. ఆ కాస్త బిందె రాగిని కూడా దాచకుండా చెప్పిన మా దొందుల్ని చూస్తే ఎంత గర్వమేసిందో!

వెంటనే ఇంటికి ఫోన్ చేసేను.

"ఏవమ్మా, మన దొందులు పాసయ్యేయా?" అన్నాడు నాన్న.

"ఫస్టు క్లాసులో పాసయ్యేయి నాన్నా. తప్పింది నేనే!"