మోచేతి కొలత

మా ఆయన కొట్టిన మొదటి జింక వెంటనే చావలేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో మా పక్కింటి పెద్దాయనకి రిటైరయ్యాక వేట తప్ప వేరే ధ్యాస లేదు. కొండల వైపు ఆయనకి కొంత అడవి ఉంది. ఆయన మాటలు విని మా ఆయన రైఫిల్ కొన్నాడు. ఇద్దరం లైసెన్సులు తీసుకున్నాం. నవంబర్‌లో ఒక పొద్దున పెద్దాయన గట్టుకి అవతల కూర్చుంటే, మేమిద్దరం ఇవతల కూర్చున్నాం.

మా ఆయన పేల్చాడు. తూటా నడుము విరగ్గొట్టి కడుపు చీల్చుకుంటూ పోయింది. జింక ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ వాగు దాకా పోయి కూలబడింది. దగ్గరికెళ్తే పేగులు ఎండుటాకుల మీద పడి ఆవిర్లు చిమ్ముతున్నాయి. తలెత్తి అరిచింది. జింక అలా అరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. అచ్చం పసిపిల్ల గొంతు.

"కాల్చు! చూస్తావేంటి, కాల్చు!" అన్నాను. మా ఆయన రైఫిల్ నా చేతుల్లో పెట్టేసి, పక్కకెళ్ళి వాంతి చేసుకున్నాడు.

ఆరడుగుల మనిషికని కొన్న తుపాకీ అది. భుజానికి ఆనించుకునే చెక్క భాగాన్ని స్టాక్ అంటారు. అది నాకు మరీ పొడవు, చేత్తో పట్టుకునేచోట మరీ లావు. మందపాటి జాకెట్ మీద ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కి అందదు. భుజం మీంచి కొంచెం జార్చి, మెడ సాచి, వేలి కొసతో లాగాను. గురి తప్పి జింక దవడ ఎగిరిపోయింది. గురి చూసే స్కోప్ వెనక్కి తన్ని నా కనుబొమ్మ చీల్చింది. కంట్లోకి నెత్తురు కారుతుంటే, సగం మొహంతో అది నావైపే చూస్తోంది. నా చేతులు పడిపోనూ అని తిట్టుకుంటూ స్టాక్‌ని చంకలో ఇరికించుకుని, గొట్టం దాని మెడకి ఆనించి మళ్ళీ పేల్చాను. అప్పుడు చచ్చింది.

చప్పుళ్ళు విని పెద్దాయన వచ్చాడు. మొదటిసారి జింకని చంపినవాళ్ళ నుదుటికి దాని నెత్తురు పూయడం వాళ్ళ ఆనవాయితీ. బొటనవేలు నెత్తుట్లో ముంచి, ఎవరు చంపారని అడిగాడు. మా ఆయన మూతి తుడుచుకుని, "ఐ డిడ్," అన్నాడు. పెద్దాయన అతని నుదుటికి పూసి వీపు తట్టాడు. నా మొహం మీద మాత్రం నా నెత్తురే ఉంది.

ఒళ్ళు మండిపోయింది. కారెక్కగానే అడిగాను. "సిగ్గు లేదూ నీకు?"

"ఫస్ట్ షాట్ నాదేగా!" అన్నాడు.

ఆ దవడ నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే. "రైఫిల్ అమ్మేద్దాం, ఎందుకొచ్చిన పాపం," అన్నాడు మా ఆయన. "చికెన్ తినేటప్పుడు లేని పాపం ఇప్పుడొచ్చిందా?" అన్నాను. మాంసం తినడం నేనెలాగూ మానను. నా చేతిలో చచ్చేది ఒక్క దెబ్బతో చావాలి. అది నాకు చేతకాకపోతే ఆ తుపాకీ నేనే అమ్మేస్తానని చెప్పాను.

ఆ రైఫిల్‌కి నాకు సరిపోయే స్టాక్ వేయించడానికి, జూలై ఎండలో చలికాలపు జాకెట్ తొడుక్కుని తుపాకుల షాపుకెళ్ళాను. వేటకి వేసుకునే బట్టల్లోనే కదా కొలవాలి! "అందరూ చూస్తున్నారే," అని మా ఆయన గొణిగాడు. "చూడనీ," అన్నాను.

అతను ఫోన్‌లో ఒక కార్బన్ స్టాక్ చూపించాడు. "రివ్యూలన్నీ చదివా. సన్నగా ఉంది, బరువు సగమే."

"తేలికైతే ఇంకా గట్టిగా తంతుంది. ఈసారి రెండో కనుబొమ్మ చీలాలా?" అన్నాను. నాకు కావలసింది సన్నటిది, కానీ బరువున్నది.

షాపు కౌంటర్‌లో ఉన్నామె టేపు తీసి, అలవాటుగా మా ఆయన వైపు తిరిగింది. నేను అడ్డంగా నా చెయ్యి పెట్టాను. మోచేతి మడత నుంచి ట్రిగ్గర్ నొక్కే వేలి దాకా కొలిచింది. నా గుప్పిట్లో ఇమిడే సన్నటి వాల్‌నట్ చెక్క స్టాక్ ఒకటి తీసింది. భుజానికి ఆనించాను. వేలు దానంతటదే ట్రిగ్గర్ చోటికి వచ్చింది.

"ఇది నాకు పొట్టి కదా, నేనెలా పట్టుకోవాలి?" అన్నాడు మా ఆయన.

"నువ్వు పట్టుకోవద్దు."

భుజం కమిలిపోయేలా వేసవంతా షూటింగ్ రేంజ్‌లో కాల్చాను. నవంబర్‌లో మళ్ళీ అదే వాగు, అదే గట్టు. జింక పక్కకి తిరిగినప్పుడు పేల్చాను. నిలబడ్డచోటే కూలింది. పరుగెత్తుకెళ్ళి ముందు దవడ చూశాను. చెక్కుచెదరలేదు. ఊపిరి లేదు. ముక్కులోంచి నురగ నెత్తురు కారుతోంది. అక్కడే చతికిలబడి భోరున ఏడ్చాను.

పెద్దాయన వచ్చి బొటనవేలు ముంచాడు. ఎవరు చంపారని ఈసారీ అడిగాడు.

"షీ డిడ్," అన్నాడు మా ఆయన. తల దించుకుని, "లాస్ట్ ఇయర్ కూడా. దట్ వాజ్ హర్ టూ," అన్నాడు.

పెద్దాయన నా కనుబొమ్మ మీద మచ్చ చూసి, మా ఆయన వైపు చూశాడు. నా నుదుటికి నెత్తురు పూశాడు.

"ఆ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా నీకు?" అన్నాను మా ఆయనతో, ఏడుస్తూనే.