నలుగురే ఎక్కే బస్సు

గువ్వలపల్లిలో కృపాకుమారి ఇల్లెక్కడని అడిగితే ఒకరిద్దరు తడుముకోవచ్చు గానీ, ప్యాంట్ల కృపమ్మ అంటే పాలు తాగే పిల్లలు కూడా చూపిస్తారు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్టులో పదకొండేళ్ళుగా ఆమెకు పని. నడుము దగ్గర బెల్టు దూర్చుకునే పట్టీలు ఉంటాయే, అవి కుడుతుంది. అవి మాత్రమే. తన చేతిమీదుగా పోయిన ప్యాంట్లు తొడుక్కుని దేశమంతా తిరుగుతోందని, తన మొగుడు యేసన్న ఒక్కడే పంచె వదలడని చెప్పి నవ్వేది.

వాన మీద భారం వేసి చెనక్కాయ వేసిన నాలుగేళ్ళలో మూడేళ్ళు విత్తనం కూడా తిరిగి రాలేదు. యేసన్న గొర్రెల వెంట పోతాడు. గొర్రెలు అమ్ముకునేది ఏడాదికొకసారి, పొయ్యి వెలిగేది ప్రతిరోజూ. అందుకని ఆ ఇల్లు నిలబడింది కృపమ్మ కుట్టు మీద; ఆ కుట్టు నిలబడింది ఆరుంబావు బస్సు మీద. యూనిట్టు గేటు ఏడున్నరకు మూస్తారు. ఒక్క నిమిషం దాటినా సగం కూలి పోయినట్టే. నెలలో మూడుసార్లు అట్లా జరిగితే పేరే కొట్టేస్తారు. రాయదుర్గం ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ బస్సు తప్పిస్తే ఆ వేళకు చేర్చేది మరొకటి లేదు. ఊరి నుంచి ముప్పై రెండు మంది ఆడవాళ్ళు దాంట్లోనే పోయి దాంట్లోనే వచ్చేవాళ్ళు.

ఆ బస్సుకు మూడేళ్ళుగా కండక్టరు జయరాముడు. అరవై దాటిన మనిషి, పెద్ద గొంతు, చిన్న కోపం. త్రివేణి అనే పిల్ల మేకను కట్టేసి పరుగెత్తుకుంటూ వచ్చేదాకా బెల్లు కొట్టేవాడు కాదు. ‘ఏమ్మా, మేక కూడా యూనిట్టుకు వస్తాదంటనా?’ అని ఎగతాళి చేస్తూనే చెయ్యి అందించి ఎక్కించుకునేవాడు. కృపమ్మ అత్త బీపీ మాత్రలు అయిపోతే టౌన్లో కొని, మరుసటి పొద్దున పొట్లం చేతిలో పెట్టేవాడు. వీళ్ళూ ఊరుకున్నవాళ్ళు కారు. రాగి సంగటో, ఉగ్గాణో, పండగైతే ఓళిగలో, వంతు వేసుకోకుండానే వంతుల ప్రకారం ఆయన సీటు పక్కకు చేరేవి. ఆ బస్సులో ఎవరి టిఫిను ఎవరిదో చెప్పడం కష్టం.

అట్లాంటి రోజుల్లో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది. మండలంలో సభ పెట్టినారు. వేదిక మీది పెద్దమనిషి విమానాశ్రయాలు చెప్పినాడు, ఓడరేవులు చెప్పినాడు, ఆరు వరుసల రోడ్లు, కొత్త రైలు మార్గాలు, పట్నాల్లో సైకిళ్ళకు వేరే దారులు, అన్నీ చెప్పినాడు. సముద్రం చూడని గువ్వలపల్లి ఆడవాళ్ళు ఓడరేవులకు కూడా చప్పట్లు కొట్టి, తమ బస్సు మాట ఎప్పుడొస్తుందా అని కాచుకున్నారు. చివరికి వచ్చింది. ఆధారు కార్డు చూపిస్తే చాలు, సున్నా టికెట్ ఇస్తారు, కూర్చుని పోవచ్చు. ఆ రాత్రి కృపమ్మ మోకాళ్ళ మీద నిలబడి దేవునికి స్తోత్రం చెప్పింది. ఛార్జీ మిగిలితే కూతురు గౌతమిని ఇంటర్ చదివించవచ్చు.

వచ్చిన చిక్కల్లా ఆ సున్నా టికెట్టుతోనే. ఒక్కొక్కరి కార్డూ చూడాలి, ఒక్కొక్కరికీ చీటీ కొట్టాలి, అందరికీ కొట్టినాకే బస్సు కదలాలి. జయరాముడికి ఒక కంట్లో శుక్లం. ఆ టికెట్ల మిషను మీది చిన్న అక్షరాలు చూడటానికి దాన్ని ముక్కు దాకా తెచ్చుకునేవాడు. ముప్పై రెండు మందికి పావుగంట పైనే పట్టేది. మొదటి వారంలోనే రెండుసార్లు గేటు మూసేసినారు. సగం కూలి పోయింది.

మూడోసారి ఆలస్యం అయ్యేటట్టున్న రోజు కృపమ్మే అంది. “ఊరికే పోయేదానికి చీటీ ఏమిటికన్నా? నీ కండ్లు పోగొట్టుకోవద్దు, మా కూలి పోగొట్టొద్దు. బెల్లు కొట్టు.”

జయరాముడు చేతిలోని మిషను వైపు చూసినాడు. తప్పు కదమ్మా అన్నాడు. ఊరికే ఎక్కించుకొమ్మని ప్రభుత్వమే చెప్పినాక తప్పేముందని ఆడవాళ్ళంతా అన్నారు. ఆ దుమ్ము దారిలో తనిఖీ వాళ్ళు వచ్చింది కూడా ఎవరికీ గుర్తు లేదు. మిషను ఖాళీగా ఉండకూడదని ముందు సీట్ల నలుగురికి కొట్టి, ఆయన బెల్లు కొట్టినాడు. ఆ రోజు నుంచి అదే అలవాటయింది. ముసలాయనకు మేలు చేస్తున్నామని వీళ్ళు, ఆడవాళ్ళకు మేలు చేస్తున్నానని ఆయన. ఎనిమిది నెలలు బస్సు వేళకు పోయింది.

తొమ్మిదో నెలలో, ఒక శనివారం సాయంత్రం, డ్రైవరు తల గోక్కుంటూ చెప్పినాడు, ఇంకో వారం దాటితే బస్సు ఊళ్ళోకి రాదని. నాలుగు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీదుగా నేరుగా పోతుందని. జయరాముడు ఆ మాటప్పుడు వెనక సీట్లో సంచి సర్దుకుంటున్నాడు.

సోమవారం ఒక రోజు కూలి వదులుకుని కృపమ్మ, త్రివేణి, ఇంకో ముగ్గురు డిపోకు పోయినారు. అది వేరే ఊళ్ళో ఉంది. అక్కడి అధికారి మంచివాడే. కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించినాడు, కసురుకోలేదు. ఒక కాగితం తీసి చూపించినాడు. గువ్వలపల్లి దగ్గర పొద్దున ఎక్కేవాళ్ళు, సగటున నలుగురు.

“నలుగురా?” అంది త్రివేణి. “నిలబడేదానికే చోటుండదు సార్ ఆ బస్సులో.”

ఆడవాళ్ళు ఊరికే పోయినా బస్సు ఊరికే నడవదని ఆయన నిదానంగా వివరించినాడు. ప్రతి సున్నా టికెట్టుకూ ప్రభుత్వం ఛార్జీ కడుతుంది. ఎవరు ఎక్కినారో, ఎంతమంది ఎక్కినారో చెప్పేది ఆ చీటీ ఒక్కటే. నలుగురి కోసం ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వచ్చిపోయే బస్సును ఆయన పై వాళ్ళ ముందు ఎట్లా నిలబెట్టగలడు?

కృపమ్మ ఆ కాగితం మళ్ళీ చూసింది. ఎనిమిది నెలలుగా తామంతా ఆ బస్సులో లేనట్టే లెక్క. ఆమె లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది.

“మేము ముప్పై రెండు మందిమి సార్. దినామూ ఎక్కుతాండాము. టికెట్లు వద్దనింది మేమే. గేటు మూస్తారని నేనే మొదట చెప్పినా. తప్పు మాది.”

అధికారి అప్పుడు డిపోలోనే ఉన్న కండక్టరును పిలిపించినాడు. జయరాముడు లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడినాడు. కృపమ్మ ఆయన వైపు చూసి, భయపడొద్దన్నట్టు తల ఊపింది. తప్పంతా తన మీద వేసుకుంది కదా, ఇక ఆయన ఔనంటే చాలు.

“ఈ అమ్మ చెప్పేది నిజమేనా?” అని అడిగినాడు అధికారి.

“లేదు సార్,” అన్నాడు జయరాముడు. “ఎక్కినోళ్ళకంతా కొట్టినా. నలుగురైదుగురే వస్తారు. శనివారమైతే ఇంకా తక్కువ.”

శనివారం మాట ఎందుకు కలిపినాడో కృపమ్మకు అర్థం కాలేదు. ఆ ఒక్క మాటతో అబద్ధానికి అచ్చం నిజం లాంటి రంగు వచ్చింది. శనివారం కూలి పంచే రోజు. ఆ రోజు ఒక్కరు కూడా పని మానరని ఆయనకు తెలుసు.

“మూడేండ్లు మా సంగటి తినిన నోరే కదన్నా అది?” అంది త్రివేణి. ఆయన గోడ మీది గడియారం చూస్తున్నాడు.

అధికారి ఒక తెల్లకాగితం, పెన్ను కృపమ్మ ముందుకు జరిపినాడు. రోజూ ఎక్కినామని, ఫలానా కండక్టరు టికెట్లు ఇవ్వలేదని రాసి సంతకాలు పెడితే విచారణ చేయిస్తానన్నాడు. రాస్తే బస్సు తిరిగి వస్తుందా అని ఆమె అడిగింది. అది తన చేతిలో లేదని, ఈయన మీద చర్య మాత్రం తప్పదని ఆయన దాచకుండా చెప్పినాడు. రెండు నెలల్లో ఈయన రిటైరు అవుతాడని కూడా చెప్పినాడు.

రాయక్కా అని త్రివేణి చెవి దగ్గర అంటూనే ఉంది. కృపమ్మ రాసింది. ఊరి పేరు రాసింది, ముప్పై రెండు మంది అని రాసింది, టికెట్లు మేమే వద్దన్నాము అని రాసింది. కండక్టరు పేరు రావలసిన చోట పెన్ను ఎత్తింది.

“ఈడ పేరు లేకపోతే ఈ కాగితానికి విలువ లేదమ్మా,” అన్నాడు అధికారి.

“ఆయన ఈడే ఉండాడు సార్. ఆయన పేరు ఆయన్నే చెప్పనీ.”

అయిదుగురు ఆడవాళ్ళూ గోడ వైపు చూసినారు. జయరాముడు టోపీ లాంటిదేదో పోయినట్టు తల తడుముకుని, “డ్యూటీ టైమయింది సార్, పోతా,” అని చెప్పి బయటికి నడిచినాడు. పెద్ద గొంతు మనిషి ఆ మాట ఎంత చిన్నగా అన్నాడంటే, అధికారి రెండోసారి అడగవలసి వచ్చింది.

అప్పుడైనా కృపమ్మ ఆ పేరు రాసి ఉండవచ్చు. త్రివేణి ఇప్పటికీ ఆ మాటే అంటుంది. రాయలేదు. ఎందుకని అడిగితే, రాస్తే ఒక మనిషి పింఛను పోతుంది, బస్సు వస్తుందో రాదో తెలియదు అంటుంది. ఇంకోసారి అడిగితే, చెయ్యి రాలేదు అంటుంది. ఆ కాగితం అట్లాగే బల్ల మీద పెట్టి వచ్చేసినారు.

పై వారం నుంచి ఊరి ఆడవాళ్ళు అయిదు గంటలకే లేచి మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నారు. పసిపిల్లల తల్లులు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు తొమ్మిది మంది పని మానుకున్నారు. వాళ్ళలో ఇద్దరు కృపమ్మతో మాట్లాడరు. టికెట్లు వద్దన్నది ఆమే, పేరు రాయనిదీ ఆమే కదా.

మొదటి రోజు మెయిన్ రోడ్డు క్రాసు దగ్గర వచ్చి ఆగింది జయరాముడి బస్సే. మిగిలిన ఇరవై మూడు మందీ వాకిలి దగ్గర గుంపయినారు. కృపమ్మ ముందు నిలబడి కార్డు చాపింది.

“ఎక్కమ్మా, తర్వాత కొడతా,” అన్నాడాయన, ఆమె ముఖం చూడకుండా.

“ఇప్పుడే కొట్టన్నా. అందరికీ కొట్టు. అంతదాకా బస్సు నిలబడనీ.”

గేటు మాట ఆమెకు తెలియక కాదు. డ్రైవరు హారను కొట్టినాడు. లోపల ఎవరో విసుక్కున్నారు. జయరాముడు మిషనును ముక్కు దాకా ఎత్తుకుని ఒక్కొక్కటే కొడుతున్నాడు. ఆమెది ఇస్తూ, వంగి, ఆమెకు మాత్రమే వినబడేటట్టు, పింఛను కాగితాలు ఆ సారు బల్ల మీదే ఉండాయమ్మా అన్నాడు.

“నాకు తెల్సన్నా,” అంది కృపమ్మ. “ఇంకా ఇరవై రెండు ఉండాయి. కొట్టు.”

ఆ రోజు యూనిట్టు గేటు మూసేసి ఉంది. మరుసటి రోజూ అంతే. మూడో రోజుకు సూపర్వైజరు వాళ్ళ చేతుల్లోని బస్సు చీటీల కట్ట చూసి, ఆలస్యం బస్సుదేనని ఒప్పుకుని, నెల దాకా పది నిమిషాలు ఆగుతానన్నాడు. కాలం అట్లాంటిది, ఒక్కో మంచి ఒక్కో వైపు నుంచి వస్తుంది.

బస్సు కదలగానే కళ్ళు మూసుకుని డ్రైవరు కోసం, కండక్టరు కోసం, దారి కోసం ప్రార్థన చేసుకోవడం కృపమ్మకు పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ అలవాటు. ఆ మొదటి పొద్దున డ్రైవరు కోసం చేసుకుంది. దారి కోసం చేసుకుంది. మధ్యలో ఇంకో పేరు ఉండాలి. చాలాసేపు కళ్ళు మూసుకునే కూర్చుంది గానీ, అది నాలుక మీదికి రాలేదు. ఇప్పటికీ రాలేదు. దేవుడు క్షమించమన్నాడని ఆమెకు తెలుసు. తెలిసినది చేయగలిగే రోజు కోసం చూస్తోంది.