ఆసుపత్రిలో నేను చెప్పిన పేరు

పీర్జాదిగూడ అపార్ట్‌మెంటు పనిలో పరంజా మీద నుంచి పడి చనిపోయిన తాపీ మేస్త్రీ గురించి నాచారంలో ఇప్పటికీ ఒక మాట అంటారు. ఇన్సూరెన్స్ కోసం అతని భార్యే దొంగపేరు రాయించిందని. అది అబద్ధం. రాయించింది నేను. ఆ పనికి కాంట్రాక్టరును నేనే.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. పనివాళ్లకు ఇన్సూరెన్స్ చేయిస్తేనే పని ఇస్తానన్నాడు బిల్డరు. సైటులో ఇరవై మంది ఉంటే, ప్రీమియం తగ్గుతుందని ఎనిమిది పేర్లే ఇచ్చాను. పడినవాడి పేరు ఆ ఎనిమిదిలో లేదు.

ఆటోలో తీసుకుపోతున్నప్పుడు అతనికి తెలివి ఉంది. కాలు విరిగిందంతే అనుకున్నాను. ఆసుపత్రిలో చీటీ రాసే కిటికీ దగ్గర, జాబితాలో ఉన్న మరో మేస్త్రీ పేరు చెప్పాను. ఏడుస్తూ వచ్చిన భార్యకూ నేర్పాను.

“ఎవరడిగినా గదే పేరు చెప్పు చెల్లె. ఖర్చంతా కంపెనీ పెట్టుకుంటది.”

“నీ ఇష్టమన్న. మనిషి దక్కితే సాలు.”

మూడో రోజు పోయాడు. పోలీసు కాగితంలో, మరణపత్రంలో ఆ పేరే పడింది. ఇక పరిహారానికి, ఆ పేరు గల అసలు మేస్త్రీ భార్య సంతకం పెట్టాలి. ఉప్పల్‌లో వాళ్ల గదికి వెళ్లి అడిగాను. ఆమె చేతిలో చేట విసిరికొట్టింది.

“నా మొగడు గీడ కూసొని బువ్వ తింటుండు, సూడు! నేను ముండమోసిన్నని సంతకం పెట్టాల్నా? నీ పెండ్లాంతోని పెట్టియ్యరాదు!”

మేస్త్రీ కంచంలోంచి తల ఎత్తలేదు. వారంలో గది ఖాళీ చేసి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు చనిపోయినవాడి భార్య మా ఇంటికి వచ్చింది. వితంతు పింఛను ఇవ్వడం లేదట.

“కాయితంల మా ఆయన సావలేదంట అన్నా. మరి యాడున్నడని అడుగుతున్నరు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు.”

చెబితే కేసు నా మీద పడుతుంది. రేపు వస్తానన్నాను. అలా ఎన్ని రేపులో. చివరిసారి లోపలే ఉండి, లేనని చెప్పించాను. చాలాసేపు గేటు పట్టుకొని నిలబడింది. మళ్లీ రాలేదు.

తెలంగాణ వచ్చిన ఏడాది పింఛను ఆఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. గుమాస్తా విని, “అర్జీ ఆమెనే పెట్టుకోవాలె సార్. జర తోల్కరాండ్రి” అన్నాడు. ఆమె కూలికి పోతోందని ఎవరో అంటే చర్లపల్లి ఫ్యాక్టరీల వెంట వారం తిరిగాను. ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు.