జడ్సన్ పంతులు వాంగ్మూలం

వాకాడు హైస్కూల్లో లెక్కల టీచరు అబిగయీలు తన తాత జడ్సన్ ఫైలు వెతుక్కుంటూ చెన్నై వెళ్ళింది. 1949లో కమ్యూనిస్టుల మీద నిషేధం ఉన్నప్పుడు, మిషన్ బడి పంతులైన ఆయన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. మూడు వారాలు దెబ్బలు తిన్నా ఎవరి పేరూ చెప్పలేదని ఇంట్లో అందరి నమ్మకం. చర్చి వందేళ్ళ సంచికలో ఆ సంగతి రాయాలని నాన్న ఏసుమణి పట్టుదల.

పాత ప్రభుత్వ ఫైళ్ళు దాచే ఆఫీసులో మూడో రోజు ఆ కట్ట దొరికింది. అందులో తాత వాంగ్మూలం ఉంది.

'నాతో పనిచేసే వెంకయ్య ఉప్పు కూలీలకు రాత్రిబడి పెట్టి పార్టీ కరపత్రాలు చదివిస్తున్నాడు.'

కింద సంతకం. ఇంట్లో బైబిలు మొదటి పేజీలో ఉన్నదే.

వెంకయ్య సంగతి అబిగయీలుకు తెలుసు. ఉద్యోగం పోయి, ఉప్పు మూటలు మోసి, నలభై నిండకుండానే చనిపోయాడు. ఆయన కూతురు మస్తానమ్మ ఎనభై ఏళ్ళ వయసులో చర్చి వెనక వీధిలోనే ఉంటోంది.

తర్వాతి కాగితం వెంకయ్య స్వయంగా రాసిచ్చింది. జడ్సన్ చెప్పినదంతా పోలీసులు తనకు చదివి వినిపించాక రాస్తున్నానని పైనే ఉంది.

'రాత్రిబడి నాదే. జడ్సన్‌కు ఏమీ తెలియదు. పిల్లలు గలవాడు, వదిలిపెట్టండి.'

ఆమె ఇంటికి తెచ్చిన నకళ్ళు చూసి ఏసుమణి మొహం నల్లబడింది. "కొట్టి రాయించుకోనుంటారు. చించి పారెయ్ మే."

"కొట్టే ఉంటారు నాయనా. కానీ బతుకు పోయింది వాళ్ళది."

మర్నాడు సాయంత్రం ఆమె మస్తానమ్మ ఇంటికి వెళ్ళింది. రెండు కాగితాలూ చదివి వినిపించింది. ముసలామె రెండో కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇది మా నాయన చేతిరాతేనా?"

"అవును పెద్దమ్మా."

"ఆయన కాగితాలన్నీ పోలీసులు ఎత్తకపోయినారు. అక్షరం ముక్క కూడా మిగల్లేదు." అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. "మీ తాత మా వాకిటి దాకా వచ్చి, పలకరించకుండా పోయేవాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది."

"పెద్దమ్మా..."

"మా అమ్మ పస్తులు నేను చూసినాను. మన్నించినానని నా నోట రాదు. నువ్వు కూర్చో."

వెంకయ్య రాసిన కాగితం ఆమె దగ్గరే ఉంచుకుంది.

ఏసుమణి సంచికకు వ్యాసం ఇవ్వలేదు. నెల రోజులు కూతురితో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున, ఆమె బడికి బయల్దేరుతుంటే అడిగాడు.

"వెంకయ్య పంతులు రాసింది ఇంకొక నకలు ఉందా? సంచికకు ఇస్తాను."