ట్రే ఎత్తి చూసే సారు

మా సి లాంగ్వేజి ల్యాబు సారు చెప్పిన పాఠాలు చాలావరకు మర్చిపోయాను. ఆయన ట్రే మాత్రం మర్చిపోలేదు. సారుది నాగాయలంక, ఇంట్లో రొయ్యల చెరువులు. ఎవరైనా ప్రోగ్రాము నడిచిందని మురిసిపోతే, "చెరువు పైకి నిమ్మళంగానే ఉంటుందిరా. మేత వేసి లోపల దించిన ట్రే ఎత్తి చూస్తేనే రొయ్య సంగతి తెలిసేది" అనేవారు.

బందరు కాలేజీలో మా ట్రే, మూలనున్న ఒకే ఒక్క లినక్స్ మెషీన్. ప్రోగ్రాము పైకి నడుస్తున్నా లోపల దాగుండే మెమరీ తప్పులు పట్టే మా టూలు మిగతా విండోస్ మెషీన్లలో పనిచేసేది కాదు. అందుకని ఫ్లాపీలు పట్టుకుని దాని ముందు వరస కట్టేవాళ్లం.

నా ప్రోగ్రాము మూడుసార్లు వెనక్కి పంపారని ఒళ్లు మండి, ఒకరోజు ఆయన మాకు నమూనాగా ఇచ్చిన ప్రోగ్రామునే అందులో నడిపాను. తెర నిండా తప్పులు. వెనక్కి తిరిగితే సారు! ప్రాక్టికల్ మార్కులు గోవిందా అనుకున్నాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఆఖరి లైను దాకా చదివారు. "ఇలా రండర్రా, నా చెరువు చూద్దురుగాని!" అని అందరినీ పిలిచారు.

మర్నాడు తప్పులు దిద్దిన ఫ్లాపీతో వచ్చి మా వరస చివర, నా వెనక నిలబడ్డారు. "ముందు మీరు రండి సార్" అన్నాను.

"వద్దులేరా, నీ వెనకే వస్తాను" అంటూ, చొక్కా అంచుతో ఫ్లాపీ తుడుచుకున్నారు.