బయ్యన్న ఊర్లో లేనప్పుడు కురిసిన వాన

బస్సెక్కి, కండక్టరు రాయదుర్గానికి టికెట్టు కొట్టి చేతిలో పెట్టాక కూడా, లేచి ముందుకు పోయి "ఇది రాయదుర్గమే పోతాది కదప్పా?" అని డ్రైవరును ఇంకోసారి అడిగి వచ్చి కూర్చునే మనిషి బయ్యన్న. ఊరికి నీళ్ల ట్యాంకరు వస్తే అందరూ బిందెలతో పరిగెత్తుతారు. ఆయన మాత్రం కట్టె పట్టుకుని పోయి, ట్యాంకరును కింది నుంచి పైదాకా కొట్టి చప్పుడు విని, "నిండా ల్యాదు, ముక్కాలు భాగమే ఉండాది" అంటాడు. ఒక్కోసారి నిజంగానే ముక్కాలే ఉండేది. వచ్చిన చిక్కంతా అదే. అనుమానం పెనుభూతమంటారు గానీ, అనుమానించింది ఒకటి రెండు సార్లు నిజమైతే ఇక ఆ భూతాన్ని దించడం ఎవరి తరమూ కాదు.

ఆ గుణం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. వయసులో ఉండగా మొదటి బోరు వేయించినప్పుడు ఒక పెద్దమనిషి అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. ఒకచోట టెంకాయ నిక్కి నిలబడింది. "గంగమ్మ ఈడే ఉండాది" అన్నాడు. దుమ్ము వచ్చింది. రెండోసారి పట్నం నుంచి మిషన్ తెచ్చినాయన వచ్చాడు, తీగలు పరిచి లెక్కలు వేసి ఇంకోచోట చూపించాడు. మళ్లీ దుమ్మే. పోయేటప్పుడు ఇద్దరిలో ఒక్కడూ బయ్యన్న మొహం చూడలేదు. అప్పటి నుంచి నేల గురించి గానీ ఆకాశం గురించి గానీ ఎవరు ఏం చెప్పినా ఆయన కళ్లు చిన్నవవుతాయి.

బెళుగుప్పకు పడమరగా ఉండే బయ్యన్న ఊరు నల్లగుండ్లపల్లిలో రైతు సేవా కేంద్రానికి కల్పన అనే అమ్మాయి వచ్చి ఏడాదయింది. రాయదుర్గంలో పశువుల దాణా, గడ్డి అమ్మే రామలింగయ్య శెట్టి కూతురు. కేంద్రం ఆవరణలో కంచె వేసి వాన కొలిచే యంత్రం ఒకటి పెట్టారు. మండలానికి వాన లెక్క పోయేది దాన్నుంచే. దాన్ని చూసుకోవడం, నెలకోసారి పక్కనున్న బోరులోకి టేపు వదిలి నీళ్లు ఎంత లోతుకు పోయాయో చూడడం, ఈ కారులో వానలు ఎట్లా ఉండబోతాయో రైతులకు చెప్పడం ఆ అమ్మాయి పని.

జూన్‌లో రైతులను కూర్చోబెట్టి చెప్పింది. "యాడో సముద్రం వేడెక్కిందంట. వానలు ముందర బాగుండి నడుమ ఆగిపోవచ్చు. అందరూ శనక్కాయే వేయొద్దండి, కొర్రలో కందులో కూడా వేసుకోండి."

"సముద్రం వేడెక్కితే మనకేమి పాపా? మనకు చెరువులోనే నీళ్లు లేవే," అన్నాడు బయ్యన్న. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. శనక్కాయ వేయకుంటే పశువులకు మేపను ఆ చెట్ల కట్టె ఉండదు, కట్టె లేకుంటే గడ్డి కొనాల, గడ్డి అమ్మేది వీళ్ల నాయన. ఆలోచించేకొద్దీ ఆయనకు అంతా స్పష్టంగా కనిపించింది. పట్టుబట్టి చేనంతా శనక్కాయే వేశాడు.

అమ్మాయి చెప్పినట్టే అయింది. జులైలో తడిపిన వాన ఆగస్టులో మొహం చాటేసింది. ఊడలు దిగాల్సిన శనక్కాయ చెట్లు మాడి, చేను చేనంతా బూడిద రంగుకు తిరిగింది. కరువులో అధికమాసమన్నట్టు ఉన్న ఒక్క బోరూ గాలి కక్కసాగింది.

చేను పోతే పోయింది, అది ఆయనకు కొత్త కాదు. ఆయన దిగులంతా ఎద్దుల గురించి. నల్లది కరియ, తెల్లది బిళియ. కర్ణాటక సరిహద్దు కావడంతో ఆ ఊళ్లలో ఎద్దులకు కన్నడ పేర్లే. ఊర్లో అందరూ ట్రాక్టర్లకు మారినా, ఆ ట్రాక్టరు డ్రైవరు ఎంత లోతు దున్నుతాడోనన్న అనుమానంతో బయ్యన్న ఎద్దులను వదల్లేదు. లోకంలో ఆయన అనుమానించని ప్రాణులు ఆ రెండే. మండలాన్ని కరువు జాబితాలో చేరిస్తే ఊర్లో సర్కారు గడ్డి డిపో పెడతారు, ఎద్దులు బతుకుతాయి. చేర్చకపోతే సంతకు తోలాల్సిందే. చేర్చడానికి కావలసిందల్లా ఒకటే, ఆ నెలంతా యంత్రంలో వాన పడకూడదు. పడలేదు కూడా. ఊరంతా సాక్ష్యం.

జాబితా వచ్చింది. వాళ్ల మండలం లేదు.

బయ్యన్న కేంద్రానికి పరిగెత్తాడు. కల్పన ఫోన్‌లో తీసి చూపించింది. నెల నడుమ ఒక మంగళవారం జోరువాన పడినట్టు ఉంది.

"ఆ పొద్దు నేను మీటింగుకు రాయదుర్గం పోయింటి పెద్దాయనా. యంత్రం దానంతట అదే పైకి పంపిచ్చేస్తాది. నాకూ అర్థం కావడం లేదు," అంది.

ఆ మంగళవారం బయ్యన్న కూడా ఊర్లో లేడు. గడ్డి కోసం మడకశిర దిక్కుకు పోయాడు. 'నేను లేని పొద్దే పడిందా వాన? నేనూ లేను, ఈ పాపా లేదంట!' ఇంటికి వచ్చి భార్య రామలక్ష్మమ్మను అడిగాడు. ఆమె చాటలో చెయ్యి ఆపకుండా "వాన యాడిదయ్యా" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆయనకు ఏదీ పూర్తిగా చెప్పరు. ఒక్క మాట చెబితే దాని వెనక పది ప్రశ్నలు వస్తాయి. చెప్పరు కాబట్టి ఆయన అనుమానిస్తాడు, అనుమానిస్తాడు కాబట్టి వాళ్లు చెప్పరు. నలభై ఏళ్ల సంసారం ఇట్లాగే నడిచింది.

యంత్రంలో చెంబెడు నీళ్లు పోస్తే చాలు, అది జోరువాన కింద లెక్క అని ఎవరో చెప్పారు. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. గడ్డి డిపో వస్తే నష్టం ఎవరికి? గడ్డి అమ్మేవాళ్లకు. కల్పనే నీళ్లు పోసిందని పైఅధికారికి అర్జీ పెట్టాడు. అందులో ఆమె పేరు, వాళ్ల నాయన పేరు, అంగడి పేరు కూడా రాయించాడు.

విచారణకు అధికారి వచ్చిన రోజు ఊరంతా కేంద్రం ముందర చేరింది. కల్పన కుర్చీలో కూర్చోలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. అధికారి అడిగినదానికి జవాబు చెప్పబోయి ఏడ్చేసింది. అప్పుడు ఆడవాళ్లలోంచి రామలక్ష్మమ్మ లేచింది.

"ఆ పాపను ఏమీ అనొద్దు సార్. నీళ్లు పోసింది మేము."

వాన రాకపోతే ఆ దిక్కు ఆడవాళ్లు చేసే పనే అది. రోకలికి వేపమండలు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ కప్పతల్లి మీద నీళ్లు పోస్తారు. చివరికి మిగిలిన నీళ్లు ఊరి బొడ్రాయి మీద కుమ్మరిస్తారు. ఈసారి మగవాళ్లు గడ్డికి పోయిన మంగళవారం తిరిగారు. తిరిగి కేంద్రం దగ్గరికి వచ్చేసరికి తిప్పమ్మ ఆగి, "వాన పడిందా ల్యాదా అని అందరూ దీంట్లోనే కదా చూసేది. దీనికే గొంతెండిపోయి ఉంటే వానెట్లా వస్తాది? దీన్నీ తడుపుదాము" అంది. కంచె తలుపుకు తాళం లేదు, తీగె చుట్టి ఉంది. విప్పి లోపలికి పోయి, భక్తిగా దండం పెట్టి, చెంబుతో పోశారు. రామలక్ష్మమ్మ ఇదంతా దాచకుండా చెప్పింది.

బయ్యన్న గుణం ఎక్కడికి పోతుంది, "నీతో ఎవరు చెప్పిచ్చినారే ఈ మాట?" అన్నాడు.

ఆమె మొగుడి మొహంలోకి చూసింది. "ఎవరు చెప్పిస్తారయ్యా? ఎద్దులు బతకాలని నేనే ముందర పోసినా."

ఆ మాట ఆయన గుండెలో దిగింది. నలభై ఏళ్లలో మొదటిసారి పెళ్లాం చెప్పింది చెప్పినట్టు నమ్మాడు. అధికారి ముందుకు పోయి చేతులు జోడించాడు. "నిజం సార్. వీళ్లే పోసినారు. తెలీక చేసినారు. ఆ పొద్దు వాన పళ్లేదని రాసుకోండి సార్."

అధికారి చేతిలోని అర్జీ ఆయనకు చూపించాడు. "ఇది నువ్వు పెట్టిందే కదా? పోయిన వారం ఆ పాప పోసింది, ఈ వారం నీ భార్య పోసింది. వచ్చే వారం ఎవరప్పా? కరువు రాయించుకోను కట్టిన కథ కాదని నేను ఎట్లా నమ్మాల?" అన్నాడు. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇంకెవరు పోసినారు? ముందుకు రండి. సర్కారు యంత్రం అది, గుర్తు పెట్టుకోండి" అన్నాడు.

ఎవరూ రాలేదు. తిప్పమ్మ కొంగు సర్దుకుంది. గట్టు జరిపిందని ఒకప్పుడు బయ్యన్న ఆమె మీద పంచాయితీ పెట్టాడు. పాలమ్మే లక్ష్మక్క "ఏమో సార్, మాకు తెల్దు" అంది. ఆమె పాలల్లో నీళ్లు కలుపుతుందని ఊరంతా చెప్పింది బయ్యన్నే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దలు.

ఆఖరికి ఆయన కల్పన దగ్గరికే పోయాడు. "పాపా, నువ్వన్నా చెప్పమ్మా."

"మీ ఇంటామె చెప్పింది నిజమే పెద్దాయనా, నేను నమ్ముతాండా," అంది ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఈ యంత్రం గురించి నా మాట చెల్లకుండా చేసింది నువ్వే కదా. ఇప్పుడు నేను చెప్తే, నన్ను నేను కాపాడుకునేకి చెప్తాండానంటారు."

ఎవరు పోసిందీ రుజువు కాలేదని రాసుకుని అధికారి వెళ్లిపోయాడు. కల్పన ఉద్యోగం నిలిచింది. యంత్రం లెక్కలోని వాన కూడా నిలిచింది. గడ్డి డిపో రాలేదు.

ఇంకో రెండు వారాలు ఎట్లాగో లాగాడు. వేపాకు, ఇంటి కప్పు మీది పాత బోదగడ్డి, ఏది దొరికితే అది వేశాడు. బిళియ లేవలేకపోయిన పొద్దు, నలుగురు పట్టి లేపాక, ఇక ఆలస్యం చేయకుండా రెండింటినీ సంతకు తోలుకుపోయాడు.

మడకశిర నుంచి వచ్చిన ఓబులేష్ అనే ఆయన చూశాడు. పళ్లు చూడలేదు, నడిపించి చూడలేదు. ఎముకలు తేలిన నడుముల మీద చెయ్యి వేసి, బరువు అంచనా కట్టినట్టు కాసేపు అట్లే ఉంచాడు.

"సేద్యానికే కదన్నా?" అడిగాడు బయ్యన్న.

"సేద్యానికే, ఇంకేంటికి?" అన్నాడు ఆయన ఎటో చూస్తూ.

బయ్యన్న రెండో మాట అడగలేదు. నీ చేను ఎంత, మీ దిక్కు వాన పడిందా, ఇంట్లో వేరే ఎద్దులున్నాయా, ఏదీ అడగలేదు. పగ్గాలు విప్పి తన భుజాన వేసుకున్నాడు. ఎద్దులను బండిలోకి ఎక్కించారు. సంత ముందర దారి రెండుగా చీలుతుంది. ఒకటి మడకశిరకు, ఇంకొకటి పెద్ద రోడ్డు పట్టుకుని వేరే రాష్ట్రాలకు. కోతకు పోయే పశువుల బండ్లు ఆ రెండో దారినే పోతాయని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. బండి బయలుదేరిన చప్పుడు వినగానే బయ్యన్న వెనక్కి తిరిగి, మొహం గోడకు పెట్టి, అది పూర్తిగా వినబడకుండా పోయేదాకా అట్లే నిలబడ్డాడు.

ఇంటి దగ్గర రామలక్ష్మమ్మ ఎద్దులు మేత మేసే గాడిపాడి ఖాళీగా ఉంటే, దాని ముందర కూర్చుని ఉంది.

"యాడికి పోయినాయి?"

"మడకశిరకు. సేద్యానికే."

"బండి ఆ దారినే పోయిందా? చూసినావా?"

"ఆయప్ప చెప్పినాడు కదే," అన్నాడు బయ్యన్న.