చిలక కొట్టిన జాంపళ్ళు

పొద్దున్న మా మనవడు నీళ్ళ గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడండీ! నాలుగేళ్ళొచ్చినా అమ్మా అని కూడా అనని పిల్లవాడు, తనకేం కావాలో తానుగా చెప్పడం ఇదే మొదలు. నేనూ కోడలూ వంటింట్లోనే గంతులేశాం, నా మోకాళ్ళ సంగతే మరిచిపోయాను. వాడికున్నది ఆటిజం అనీ, అది ఎవరి పెంపకం వల్లా రాదనీ, ఇలా బొమ్మల కార్డులతో ఓపికగా నేర్పితే తన మనసులోది తన దారిలో చెప్పుకోగలడనీ రాజమండ్రిలో థెరపీ చేసే అమ్మాయి మొదటిరోజే చెప్పింది.

అలా చెప్పేవాళ్ళు లేని రోజుల్లో, రామచంద్రపురంలో, మా తమ్ముడూ ఇలాగే మాటలు రాకుండా పెరిగాడు. గడప తొక్కిన ప్రతివారికీ ఒక కారణం తెలుసు, ఒక వైద్యం తెలుసు. కడుపుతో ఉండగా గ్రహణంలో తిరిగిందని నాయనమ్మ, వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాయలేదని మేనత్త, తల్లి ముద్దుచేయకపోతే పిల్లలిలా అవుతారని పట్నం డాక్టరుగారు, ఎవరు ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి తప్పు తేలేది అమ్మదగ్గరే. వాణ్ణి చంక దించని మా అమ్మ ఆ డాక్టరు మాటకి ఎంత కుమిలిపోయిందో! అయినా వాణ్ణెత్తుకునే కోరుకొండ మెట్లెక్కింది, గుడిగంటలో పోసిన నీళ్ళు తాగించింది.

నాకు మహా ఇష్టమైన వైద్యం మాత్రం ఒకటుండేది. చిలక కొట్టిన జాంపండు తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో అన్నారు. ఇంకేం, ఊళ్ళో దొడ్లన్నీ నావే! చిలకలు బెదరకుండా ఊపిరి బిగబట్టి, కొమ్మకొమ్మకీ పాకి, పరికిణీ నిండా పళ్ళు తెచ్చేదాన్ని, ఆ సంబరం ఏమని చెప్పను! తమ్ముడు ఒక్కో పండూ వాసన చూసి, కిలకిలా నవ్వి, మళ్ళీ నాకే ఇచ్చేసేవాడు. తిన్నది నేను గనక మహిమంతా నాకే పట్టింది, ఈ వయసులోనూ నా నోటికి మూత లేదు. వాడు చివరిదాకా మాట్లాడలేదు. దాహమేస్తే అమ్మ చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి తీసుకుపోయేవాడు, అమ్మకి అదే చాలు.

సాయంత్రం మా పెద్దాడపడుచు వస్తే కార్డు సంగతి పొంగిపోతూ చెప్పాం. ఆవిడ కోడలివైపు తిరిగి, "చంటప్పుడే చేతికి ఫోనిస్తే మాటలెలా వస్తాయమ్మా, తల్లన్నాక కాస్త కనిపెట్టుకోవద్దా?" అంది. అంత వెలిగిన పిల్ల మొహం చిన్నబోయింది. "అమ్మాయి తప్పేం లేదండి వదినగారూ, అసలిందులో ఎవరి తప్పూ లేదు" అన్నాను, వీధిలోకి వినపడేలా.

గ్రహణం పోయి ఫోను వచ్చింది, గంట నీళ్ళు పోయి బొమ్మల కార్డులు వచ్చాయి, తల్లిని అనే నోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ఎదురు చెప్పడానికి ఇంట్లో ఒకరున్నారు. మా అమ్మకి ఆ ఒక్కరూ దొరకలేదు.